గోడలో మిగిలిన వైరు

‘ఈ ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిచి ఉంది.’

తెర మీద ఆ మాట మూడోసారి రాగానే పురుషోత్తం చాయ్ కప్పును బల్ల మీద ఠక్కున పెట్టాడు.

"వేరే కంప్యూటరేంది? మన కార్ఖానాల ఉన్నదే ఒక్కటి గద!"

"నాకూ సమజైతలేదు సేట్," అంది డిజైన్లు గీసే ప్రతీక్ష. "నెమలి ఫైలుకు పేరు మారుద్దమంటే ఒప్పుకుంటలేదు. ఇంకెవరో తెరిచి చూస్తున్నరట."

"ఎవరో ఏంది! వాడే. అంబ్యా!"

అంబాదాస్ అతని సొంత తమ్ముడు. జోడ్‌భావి పేట్‌లోని ఈ చద్దర్ల కార్ఖానా నడిమధ్యన రెండేళ్ల కిందట గోడ లేచింది. అటు ఆరు మగ్గాలు, ఇటు ఆరు. కంప్యూటర్లు అటొకటి, ఇటొకటి. మాటలు మాత్రం ఎటువైపూ లేవు. అయినా పురుషోత్తం కొత్త పువ్వు గీయించిన వారానికల్లా అదే పువ్వు తమ్ముడి చద్దరు మీద విరబూసేది. కమలం అలాగే పోయింది. ఏనుగుల బార్డర్ అలాగే పోయింది. విసిగిపోయి అతను మగ్గాల మేస్త్రీని మార్చాడు, పాత డిజైనర్‌ను మాన్పించి ప్రతీక్షను పెట్టుకున్నాడు, చివరికి తలుపు తాళం కూడా మార్చాడు. పువ్వులు పోతూనే ఉన్నాయి.

ఇప్పుడు నెమలి వంతు. ఐదింటికి హోట్గి రోడ్ నుంచి హోటల్ యజమాని వస్తున్నాడు. రెండు వేల చద్దర్లు కావాలట. "ఎక్కడా లేని డిజైన్ చూపించండి. ఇంకొకరి దగ్గర కనబడిందా, మళ్లీ మీ గుమ్మం తొక్కను," అని ముందే చెప్పాడు. ఆ ఆర్డర్ రాకపోతే దీపావళి దాకా నాలుగు మగ్గాలు ఆపేయాల్సిందే.

"ఈడ గీసింది గోడ దాటి ఆడికెట్ల పోతది?"

"వైరు ఉంటే పోతది సేట్. డ్రైవ్ షేర్ పెడితే ఒకదాంట్ల ఉన్నది ఇంకోదాంట్ల గూడ కనపడ్తది. ఒక్క బీరువకు రెండు రూముల నుంచి తలుపులున్నట్టు."

పురుషోత్తం మోకాళ్ల మీద కూర్చున్నాడు. కంప్యూటర్ వెనక నీలం రంగు వైరు. నూలు పెట్టెలు ఒక్కొక్కటే జరిపాడు. వైరు వాటి వెనగ్గా పాకి, గోడ మొదట్లో సిమెంటులోకి దూరిపోయింది. గోడ కట్టినవాడు దాన్ని పీకలేదు. దాని మీదే ఇటుకలు పేర్చేశాడు!

"దొర్కింది! అరే దేవా, ఇన్ని దినాలు ఉత్తగనే ఆ మగ్గాల మేస్త్రీని తిట్టుకుంటి!"

"ఆగుండ్రి సేట్. అసలు ఆ డ్రైవ్ ఏ కంప్యూటర్‌ల ఉన్నదో మొదలు చూస్త..."

"చూసుడు గీసుడు బస్ చెయ్! నువ్వు చూసే లోపల వాడు నెమలిని నేసి బజార్ల కూసోబెడ్తడు."

మేకుకు వేలాడుతున్న దారాల కత్తెర అందుకున్నాడు. ప్రతీక్ష కుర్చీలోంచి లేచేలోపే, కటక్!

భోజనాల వేళ కావడంతో మగ్గాలు ఆగి ఉన్నాయి. గోడ పైకప్పు రేకుల దాకా లేదు. ఆ చప్పుడు అవతలికి కూడా వినబడే ఉంటుందనుకుని పురుషోత్తం రెండేళ్లలో మొదటిసారి హాయిగా నవ్వాడు. చల్లారిన చాయ్‌ని ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఇగ నిమ్మలంగ గీసుకో బిడ్డా. తోక ఒక్కటే గద మిగిలింది."

ప్రతీక్ష గీయడం లేదు. తెర మీద నెమలి లేదు. కమలాలు, ఏనుగులు, ఏవీ లేవు. ‘డ్రైవ్ కనబడటం లేదు’ అన్న ఒక్క ముక్క ఉంది.

"ఏమాయె?"

"డిజైన్లన్నీ పోయినయి సేట్."

"పోవుడేంది? వాని దొంగ వైరు కోస్తే మనయెట్ల పోతయి?"

"మన కంప్యూటర్‌ల ఏం లేవు. ఆ డ్రైవ్ గోడ అవతల ఉన్నది." ఆమె గొంతు తగ్గించింది. "నేను వచ్చేసరికే అట్ల పెట్టి ఉండె సేట్. మొదటి సంది మనమే గీసి గీసి వాళ్ల దాంట్ల పెడుతున్నం."

పురుషోత్తం చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. గడియారం వైపు చూశాడు. రెండున్నర. గోడ వైపు చూశాడు. ఆ నెమలి కావాలంటే ఇప్పుడు పోయి తట్టాల్సిన తలుపు ఒక్కటే.

సరిగ్గా అప్పుడే, గోడ మీది సందులోంచి ఓ గొంతు తడబడుతూ పిలిచింది. రెండేళ్లుగా అతన్ని పిలవని గొంతు.

"అన్నా... మాటలు బంద్ చేసినా డిజైన్లు మాత్రం వారం వారం పంపుతనే ఉంటివి. ఇయ్యాల నెమలి తోక సగంలనే ఆగిపోయింది... నీ పానం మంచిగనే ఉన్నది గద?"