రొయ్య పైకొచ్చింది

"ఏమ్మే, నేనేమన్నా డాక్టర్నా? నీ మొగుడికి నొప్పొస్తే నాకెందుకు చేస్తావు ఫోను?" గిరిబాబు కంచం ముందు కూర్చునే అరిచాడు.

ఫోన్లో అవతల చెంచమ్మ. అల్లూరు దాటి సముద్రం వైపు పోతే గిరిబాబు రొయ్యల గుంటలున్నాయి. ఆ గట్టు మీది గుడిసెలో ఆమె, ఆమె భర్త మస్తానయ్య కాపలా ఉంటారు.

"నూట ఎనిమిదికి చేసినానన్నా. వాళ్ళు బయల్దేరినారు. ఈయనకు ఎడమ చెయ్యంతా గుంజతా ఉందంట. చెమటలు కారిపోతా ఉండాయి. గుండెనొప్పి కావచ్చు, ఒక్క అడుగు కూడా నడిపించొద్దు అని చెప్పినారు."

"మరింకేం? వాళ్ళే వచ్చి ఎత్తుకపోతారు."

"ఎట్టొస్తారన్నా? పైపులకని మీరు దారికి అడ్డంగా కాలవ తీయించినారు గదా. ఆ బురదలో అంబులెన్సు దిగబడిపోద్ది. మీ జీపొక్కటే దాటేది. రోడ్డు దాకా దించి పోండన్నా, మీ కాళ్ళు పట్టుకుంటా."

"కూలోళ్ళ చేత మోయించు."

"ముసురని ఎవురూ పనికి రాలేదు. నేనొక్కదాన్నే ఉండా."

"అన్నం కాడ కూర్చోనుండా. మొన్న గూడా గ్యాసు నొప్పికి ఇట్టనే గోల చేసినాడు. సోడా తాపించు. మనిషి రోగాలకు నాకు చెయ్యబాక!"

ఫోన్ పక్కన పడేసి చేపల పులుసు కలుపుకున్నాడు. భార్య వాణి ఉండబట్టలేక, "పాపం, ఒక్కసారి పోయి రారాదా?" అంది.

"ఒకసారి పోతే అలవాటు పడతారు," అన్నాడు. మనిషి ప్రాణం పోతోందంటే, ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఆ మాట అనగలిగాడు. వాణి పులుసు గిన్నె ఎత్తి లోపలికి తీసుకుపోయింది.

మజ్జిగన్నంలోకి వచ్చేసరికి ఫోన్ మళ్ళీ మోగింది. చెంచమ్మే. నాలుగు తిట్టడానికే తీశాడు.

"అన్నా, ఏరియేటర్లు ఆగిపోయినాయి. రొయ్య పైకొస్తా ఉంది."

గిరిబాబు చెయ్యి కూడా సరిగా కడుక్కోలేదు. నీళ్ళలో గాలి కలిపే ఆ చక్రాలు ఇలాంటి ముసురులో ఆగాయంటే రొయ్యకు ఊపిరాడదు. ముందు పైకొచ్చి ఆయాసపడుతుంది, తర్వాత గుంటకు గుంటే చచ్చి తేలుతుంది.

"జెనరేటర్ వెయ్యవే!"

"వేసినా తిరగడం లా."

జీపు తోలుతూనే ఫోన్లు మొదలెట్టాడు. రొయ్యకు ఏ కష్టమొస్తే ఎవర్ని పిలవాలో ఆయనకు కొట్టిన పిండి. టెక్నీషియన్ హరినాథ్‌కి చేసి గుంటలో చల్లే ఆక్సిజన్ మాత్రలు తెమ్మన్నాడు. లైన్‌మన్‌కి చేశాడు, ఎలక్ట్రీషియన్‌కి చేశాడు. అన్నం తింటున్నామని ఒక్కరూ అనలేదు. అంతా పరుగున బయల్దేరారు. మస్తానయ్య ఎలా ఉన్నాడో కనుక్కోవాలని మాత్రం ఆ పెద్దమనిషికి తోచలేదు.

రోడ్డు దిగగానే కాలవ ముందర అంబులెన్సు ఆగి ఉంది. వానలోనే స్ట్రెచర్ దించుతున్నారు. అందులో వచ్చిన అమ్మాయి పరుగెత్తుకొచ్చి జీపుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"సార్, గుంటల కాడ గుండెనొప్పి పేషెంట్ ఉన్నాడు. మా బండి దాటడం లేదు. మమ్మల్ని ఎక్కించుకోండి సార్."

"ముందు ఆ బండి పక్కకి తియ్యమ్మా! నా రొయ్యలు చచ్చిపోతా ఉండాయి అక్కడ!"

"సార్, అక్కడ మనిషి..."

"నడిచి రాండి! కాళ్ళు లేవా?"

జీపుని కాలవలోకి దించి, ఎగదోసి, అవతలి గట్టెక్కించాడు. చిమ్మిన బురదంతా ఆ అమ్మాయి మీద, స్ట్రెచర్ మీద పడింది. వాళ్ళు తుడుచుకుని ఆ బురదలోనే స్ట్రెచర్ ఎత్తుకున్నారు. ఈయన వెనక్కి తిరిగి చూస్తే గదా.

చెంచమ్మ అబద్ధం చెప్పలేదు. గుంటలో ఒక్క చక్రమూ తిరగడం లేదు. అంచుల వెంబడి రొయ్యలు మీసాలు పైకి పెట్టి గింజుకుంటున్నాయి. గిరిబాబు జీపు ఇంజన్ కూడా ఆపకుండా దూకి, "నా కొంప ముంచినారు గదరా!" అని జుట్టు పీక్కున్నాడు.

అప్పుడు గుడిసె వైపు చూశాడు. లోపల బల్బు వెలుగుతోంది.

కరెంటుంది! మరి ఏరియేటర్లకేమొచ్చింది? బురదలో జారుతూ, లేస్తూ ప్యానెల్ బోర్డు దగ్గరికి పరుగెత్తాడు. తలుపు లాగాడు. ఫ్యూజులుండాల్సిన చోట్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

"ఎవురే? ఎవురే ఫ్యూజులు పీకింది?" గొంతు చించుకుంటూ వెనక్కి తిరిగాడు.

జీపు వెనక తలుపు తెరిచి ఉంది. జీపు ఆగే చోటే గట్టు మీద మేత బస్తాలకు ఆనించి ఉంచిన మస్తానయ్యను, చంకల కింద చేతులేసి చెంచమ్మ ఈలోపే లోపలికి లాగేసింది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని అతను కష్టంగా ఊపిరి తీస్తున్నాడు. చెంచమ్మ నిలువునా తడిసి ఉంది. కళ్ళు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి.

"నేనే పీకినా. అన్నీ నా కొంగులో ఉండాయి. అంబులెన్సోళ్ళ చేతుల్లో ఈయన్ని పెట్టినాక ఇస్తా, బండి తియ్!"