పంపుగది దాటాక ఏడు

"ఏడు కాదు నాయనా, ఐదు."

పక్క సీటులోంచి మాట వినపడగానే లిఫ్టుబాబు ఉలిక్కిపడి పుస్తకం మూశాడు.

అతని అసలు పేరు ఇంట్లోవాళ్లకే సరిగ్గా గుర్తులేదు. పదకొండేళ్లు ఒకే భవనంలో లిఫ్టు నడిపాడు. పైకి పోవడం, కిందికి రావడం తప్ప ముందుకు పోవడమన్నది లేని ఉద్యోగం. డిగ్రీ పట్టా పెట్టెలో ఉన్నా బతుకు మాత్రం పట్టాలెక్కలేదు.

ఇన్నాళ్లకు ఎక్కబోతోంది. భూగర్భ రైలు డ్రైవరు శిక్షణకు పిలుపొచ్చింది.

కాకపోతే గుమ్మంలోనే ఒక గండం. మొదటిరోజే నమూనా క్యాబిన్‌లో కూర్చోబెట్టి, ఎదురుగా తెరమీద దారి చూపిస్తూ బండి నడిపిస్తారు. ఎర్రదీపం దాటినవాడు అట్నుంచి అటే ఇంటికి. వయసు మీరింది కనుక మళ్లీ అవకాశం లేదు. లిఫ్టుకేమో రాజీనామా ఇచ్చేశాడు.

అందుకే పదిరోజులుగా భూగర్భ రైలు మొదటి పెట్టెలో, డ్రైవరు గది వెనకే కూర్చుని, ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూ నకలు పుస్తకం వల్లె వేస్తున్నాడు. ఎవరో పాత డ్రైవరు చేత్తో రాసుకున్న పుస్తకం అది. మలుపు చాటున దీపం ఆలస్యంగా కనపడే చోట ఎన్ని అంకెలు లెక్కపెట్టి బ్రేకు వేయాలో అందులో ఉంటుంది. జిరాక్సుకు జిరాక్సు తీసి, ప్రతి కొత్త బ్యాచీ దాన్ని కళ్లకద్దుకుంటుంది. రాసినవాడి పేరు మాత్రం ఏ జిరాక్సులోనూ మిగల్లేదు.

"పంపుగది దాటాక ఏడు అని పుస్తకంలో ఉంది పెద్దాయనా."

"పుస్తకం తప్పు."

ముసలాయన కళ్లు మూసుకునే ఉన్నాడు. గొడుగు పిడిమీద గడ్డం ఆనించి, కిటికీకి చెవి అప్పగించాడు.

"నిద్రలో పాఠాలా?"

"సొరంగంలో నీళ్లు తోడే ఆ పంపుగది రాగానే చప్పుడు మారుతుంది, విను. ఇదిగో... ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

ఐదు అనేసరికి బ్రేకు పడి అందరూ ముందుకు తూలారు.

"చూశావా? దీపం ఇవతలికి జరిపారు. నెల్లాళ్లయింది."

"బండి నిండా జనం. బరువుకి డ్రైవరు ముందే వేసుంటాడు." లిఫ్టుబాబు తెలివి లిఫ్టు కంటే వేగంగా పైకి పోయింది. "అసలు మీరీ పుస్తకం చదివారా?"

"లేదు నాయనా. చదవలేదు."

"చదవనివాళ్లే తప్పులు పట్టేది!"

పెట్టె అంతా నవ్వింది. ముసలాయన కూడా నవ్వాడు.

ఇంటికెళ్లి చెబితే భార్య ఇంకో వాత పెట్టింది.

"పోనీ, ఒకసారి ఖాళీ బండిలో లెక్కపెట్టి చూడొచ్చుగా?"

"పది బ్యాచీలు ఏడుతో గట్టెక్కాయే! నేనొక్కణ్ణే ఐదుతో మునగాలా?"

"మునుగుతావో తేలతావో, లెక్కపెడితే ఏం పోయింది మహానుభావా?"

లెక్కపెట్టలేదు. లెక్కచేయనూ లేదు.

మర్నాడూ అదే పాట. ఆ మర్నాడూ అదే. ఇతను "ఏడు" అని గొణిగితే చాలు, పక్కనుంచి "ఐదు" అని తాళం. నాలుగోరోజు లిఫ్టుబాబుకి ఒళ్లు మండింది. స్టేషన్ రాగానే గార్డుని పిలిచాడు.

"ఈయనకి మతి సరిగ్గా లేనట్టుంది. రోజూ నా ప్రాణం తీస్తున్నాడు. పరీక్షకి చదువుకోవద్దా?"

గార్డు ముసలాయన భుజం పట్టుకున్నాడు. "లేవండి తాతగారూ. ఇక్కడ మీరు అందరికీ అడ్డమట."

ముసలాయన గొడుగుతో నేల తడుముకుంటూ, తలుపు అంచుకి మోచెయ్యి కొట్టుకుని దిగాడు. నిద్రమత్తు వదల్లేదని లిఫ్టుబాబు నవ్వుకున్నాడు.

ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆయన చెయ్యి ఎత్తాడు. ఐదు వేళ్లూ విప్పి. బండి ఉన్నవైపు కాదు, ఎటో చూస్తూ.

మర్నాటి నుంచి ఆ సీటు ఖాళీ. హాయిగా చదువు సాగింది.

పరీక్షరోజు వచ్చింది. నమూనా క్యాబిన్. తెరమీద సొరంగం. పంపుగది దాటింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు...

ఆరు దగ్గర మలుపు చాటునుంచి ఎర్రదీపం మొహంమీదికే వచ్చింది. చెయ్యి ఇంకా ఏడు కోసం ఆగింది. చెయ్యి ఆగింది కానీ బండి ఆగలేదు.

తెర మొత్తం ఎర్రబారింది.

లిఫ్టు తాడు తెగితే ఎలా ఉంటుందోనని పదకొండేళ్లు భయపడ్డాడు. అది ఇలా ఉంటుందన్నమాట.

శిక్షకురాలు దగ్గరికొచ్చింది.

"ఏడని ఎవరు చెప్పారు మీకు?"

"పుస్తకం, మేడమ్."

"ఐదని ఎవరూ చెప్పలేదా?"

లిఫ్టుబాబు జిరాక్సు పుస్తకాన్ని చంకలో దాచుకున్నాడు.

"మొదటి పెట్టెలో ఒక పెద్దాయన ఉంటారు. దీపం జరిగిన సంగతి మాకంటే ముందు బ్రేకుని బట్టి ఆయనకే తెలిసింది. ఎవరైనా వల్లె వేస్తుంటే వినపడాలే గానీ, వదిలిపెట్టరు. మీకు కనపడలేదా?"

"కనపడ్డారు."

"ఆయనకి మీరు కనపడి ఉండరులెండి. చూపు పోయి ఆరేళ్లు. నాలుగురోజులుగా రావడం మానేశారు. ఫోన్ చేస్తే, 'పిల్లలకి అడ్డమట తల్లీ, ఇక రాను' అన్నారు."

శిక్షకురాలు బీరువా తెరిచి, నూనెమరకల అట్ట ఉన్న పాత నోటుపుస్తకం తీసి అతని చేతిలో పెట్టింది.

"మీరు బట్టీ పట్టినదానికి అసలు ఇది. జిరాక్సులవాళ్లు వదిలేసిన చివరి పేజీ చూడండి."

పుస్తకమంతా ముత్యాల్లా ఉన్న అక్షరాలు ఆ పేజీలో గీత తప్పి, ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయి.

"దారి మారితే ఈ లెక్కలూ మారతాయి. నాకిక రాసే చూపు లేదు కనుక, మారినప్పుడల్లా నోటితోనే చెబుతాను. ఇట్లు, మొదటి పెట్టె, మొదటి సీటు."