ఒకరికి సరిపడా

అక్కా,

అక్షరాల్లో తప్పులుంటే క్షమించు. నా రాత కోడి కెలికినట్టుంటుందని నీకు తెలుసుగా.

మీ మరిదిగారు పాత కంప్యూటరొకటి అటక మీద పెట్టారు. మా వంటలు, ఏ రోజు ఏం వండాలో, ఏ సరుకులు కొనాలో అన్నీ అదే నా ఫోనుకు పంపుతుంది. "బయట కంపెనీలతో పని లేదు. మన వంటింటి గుట్టు గడప దాటదు," అన్నారు. ఆయనకు పల్లీలంటే ప్రాణం. అయినా నాకు పడవని, గొంతు వాస్తుందని, మొదటిరోజే పల్లీల వంటలన్నీ అందులోంచి తీసేశారు. ఎంత మురిసిపోయానో!

మొన్న ఫోనులో వచ్చే నెల వంటలు చూశాను. ప్రతి వంట కింద ఎప్పుడూ 'ఇద్దరికి' అని ఉండేది, ఈసారి 'ఒకరికి' అని ఉంది.

"ఏంటండీ, ఊరు వెళ్తున్నారా?"

"చూద్దాంలే," అని మొహం తిప్పుకున్నారు.

ఆఫీసు పనేమో, చెబితే ఏడుస్తానని దాస్తున్నారేమో అనుకున్నాను. ఆయన స్వెట్టరు ఉతికి, మడతపెట్టి సంచిలో సర్దాను. ఆయన చూస్తూ కూర్చున్నారు.

ఇవాళ వచ్చే నెల సరుకుల చీటీ వచ్చింది. మొదటి వరుసలోనే ఉంది, పల్లీలు కిలో.

చీటీలో ఉంది కదా అని నేనే వెళ్లి కొనుక్కొచ్చి డబ్బాలో పోశాను. తర్వాత సంచిలోంచి ఆయన స్వెట్టరు తీసి, నా బట్టలు సర్దుకున్నాను.

అమ్మకు చెప్పకు. చదవగానే ఈ కాగితం కాల్చెయ్యి అక్కా. మా వంటింటి గుట్టు గడప దాటిందని ఆయనకు తెలియకూడదు.