మారు వడ్డన

"ఆప్ ఉధర్ బైఠో. ఇధర్ పేపర్‌వాలా సాబ్ ఆతా."

హనుమాయమ్మ తన రేపల్లె హిందీలో అలా అనేసరికి, కిటికీ దగ్గర భోంచేస్తున్న పెద్దాయన మారుమాట లేకుండా లేచాడు. తన కంచం తానే పట్టుకుని, చేతులు కడుక్కునే తొట్టి పక్కనున్న మూల బల్లకి వెళ్ళాడు.

రెండు ఆదివారాలుగా వస్తున్నాడాయన. నెరిసిన మీసం, నలిగిన కుర్తా. ఊరూ పేరూ ఎవరూ అడగలేదు. ఇవాళ అసలే తీరిక లేదు.

ఏషియాడ్ ఆటలయిన మరుసటేడు అది. రాజధానిలోని బేర్ సరాయ్‌లో హనుమాయమ్మ మెస్‌కి వచ్చేవాళ్ళంతా సివిల్స్‌కి చదివే మన కుర్రాళ్ళే. పరీక్షలయి వాళ్ళు ఊళ్ళకి పోతే ఈగలు తోలుకోవాల్సిందే. పోయిన వేసవి ఎలాగో గట్టెక్కింది. ఈ వేసవీ అదే వరసయితే మెస్ మూసి రేపల్లె బండెక్కడమే.

అందుకే ఆ కుర్రాళ్ళలో ఒకడైన రంగనాథ్, ఇంగ్లీషు పేపర్లో హోటళ్ళ రుచుల గురించి రాసే భాటియాకి ఉత్తరం రాశాడు.

"ఈ ఆదివారం తప్పకుండా వస్తాడు ఆంటీ," అని హామీ కూడా ఇచ్చేశాడు, జవాబు రాకుండానే.

పన్నెండింటికి మెడలో కెమెరాతో ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆయనే. పేపర్లో ఫొటో చూశా," అన్నాడు రంగనాథ్, గొంతు తగ్గించి.

వచ్చినాయన ఎవరికోసమో వెతుకుతున్నట్టు నాలుగు వైపులా చూశాడు. "యహాఁ పర్..." అని ఏదో అడగబోయాడు.

హనుమాయమ్మ అడగనిస్తేగా. "ఆయియే, బైఠియే," అంటూ కిటికీ దగ్గర కూర్చోబెట్టేసింది.

కందిపొడి, నెయ్యి, ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర. భాటియా ముందు మొహమాటపడ్డాడు. తర్వాత మాట్లాడకుండా తిన్నాడు. హనుమాయమ్మకి ప్రాణం లేచొచ్చింది.

వడ్డించే పాపయ్య రేపల్లె నుంచి దిగి నెల కాలేదు. హిందీ ఒక్క ముక్క రాదు. కంచంలో అన్నం అయిపోతే చూడలేని మనిషి. ఇత్తడి గరిటె పైకెత్తి, భాటియా నెత్తిమీదకి వంగి, గట్టిగా అడిగాడు.

"మారు?"

హిందీ చెవికి ఆ మాట "కొట్టనా?" అని వినిపిస్తుంది.

"క్యా? ముఝే మారోగే?" భాటియా చటుక్కున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఆఁ, మారు, మారు," అన్నాడు పాపయ్య సంతోషంగా, గరిటెతో ఇంకో అడుగు ముందుకేసి.

హనుమాయమ్మకి వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ అప్పుడే మాయమయ్యాయి. రంగనాథ్ తేరుకునేలోగా భాటియా గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. ఇక రేపల్లె బండే అనుకుంది.

మూల బల్ల దగ్గర్నుంచి పెద్ద నవ్వు వినిపించింది.

పెద్దాయన కంచం రెండు చేతులా చాపాడు. "మారో పాపయ్య భాయ్. దిల్ ఖోల్‌కే మారో."

పాపయ్య పరిగెత్తుకెళ్ళి గరిటెడు అన్నం పెట్టాడు. భాటియా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చూశావా భయ్యా," అని హిందీలోనే చెప్పాడు పెద్దాయన, "ఒక్కసారి వడ్డించి ఊరుకుంటే వీళ్ళకి మర్యాద కాదు. రెండోసారి పెట్టడాన్ని మారు అంటారు. మొదటి ఆదివారం నేనూ నెత్తిమీద చేతులు పెట్టుకున్నాను."

భాటియా ఒక క్షణం గరిటె వంక చూసి పకపకా నవ్వాడు. వెనక్కొచ్చి కూర్చున్నాడు.

పెద్దాయన ఎదురుగా చేరి, పొడిలో నెయ్యెంత వేసుకోవాలో, పప్పులో గోంగూర ఎలా నంజుకోవాలో దగ్గరుండి నేర్పాడు. మధ్యలో ఇద్దరూ ఏదో గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. భాటియా ఆశ్చర్యపోయాడు, వాదించాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపి, చెయ్యి కడుక్కుని లేచాడు.

పోతూ పోతూ హనుమాయమ్మకి దండం పెట్టాడు. ఆవిడ చూసుకోలేదు, పత్రికాయనకి పెరుగు వేస్తోంది.

తర్వాతి ఆదివారం పేపర్లో అరపేజీ వచ్చింది. "కొట్టి మరీ పెడతారు" అని పేరు. గరిటె ఎత్తిన పాపయ్య ఫొటో. రంగనాథ్ తెలుగులో చదివి వినిపిస్తుంటే హనుమాయమ్మ రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది.

కుర్రాళ్ళు ఊళ్ళకి పోయారు గానీ మెస్‌లో కుర్చీ ఖాళీ లేదు. కార్లలో దిగినవాళ్ళు గుమ్మం బయట వరస కట్టారు. పాపయ్య మీసం పెంచడం మొదలెట్టాడు.

కిటికీ దగ్గర బల్ల మాత్రం రెండు ఆదివారాలు ఖాళీగా ఉంచింది హనుమాయమ్మ, పెద్దాయన కోసం. ఆయన రాలేదు. అంత సాయం చేసిన మనిషిని తొట్టి పక్కకి తోశానే అని ఆవిడ మనసు పీకుతూనే ఉంది.

మూడో ఆదివారం భాటియా పెళ్ళాం పిల్లలతో వచ్చాడు.

"మీ దోస్త్‌ని తీసుకురాలేదేం?" అని అడిగింది హనుమాయమ్మ. హిందీ ఇప్పుడు కాస్త పట్టుబడింది.

"నా దోస్త్ కాదమ్మా. ఆయన్ని నేనూ ఆ రోజే చూశాను."

"ఎక్కడుంటారో చెప్పండి. ఒక్కసారి పిలిచి, దగ్గర కూర్చోబెట్టుకుని భోజనం పెట్టాలి."

"బస్టాపు దగ్గర ధాబా ఉండేది కదా, అది ఆయనదే. గిరాకీ లేక పోయిన వారం మూసేశాడు. ఘాజియాబాద్ వెళ్ళిపోయాడట."

"అయ్యో, ఆయన గురించి కూడా మీరు రెండు ముక్కలు రాసి ఉంటే నిలదొక్కుకునేవాడు కదండీ."

భాటియా చేతిలో ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

"ఆ రోజు నేను రాద్దామని వచ్చిందే ఆయన ధాబా గురించమ్మా, భోజనానికి ఇక్కడికొచ్చాడని అక్కడివాళ్ళంటే వెతుక్కుంటూ వచ్చాను, ఆయనేమో 'నా సంగతి వదిలెయ్యి, ఈ అమ్మ గురించి రాయి' అన్నాడు."