విత్తనపు దోసకాయ

ఊట నుంచి తెచ్చిన నీళ్లకుండ దించుతూనే గురుబారి ఆగిపోయింది. మొగుడు సుక్రు దోసకాయ కోసి, కింద మైదానం నుంచి వచ్చిన షావుకారుకు పెడుతున్నాడు.

అది విత్తనం కోసం పాదు మీదే పండనిచ్చిన కాయ. ఆకలితో ఉన్నా ఇంట్లో ఎవరూ దాన్ని తెంపరు. ఆమె గుర్తుగా కట్టిన గుడ్డపీలిక ఇంకా తొడిమకే ఉంది.

"ఏటి సేసినావు? వచ్చే ఏడు ఏటి నాటుతాం?"

"ఏటీ నాటం," అన్నాడు సుక్రు తలెత్తకుండా. "కొండమీదికి రోడ్డొస్తంది. మన పెరట్లో షావుకారు కొట్టు కడతాడు. నన్ను పనిలో పెట్టుకుంటాడు. మాటిచ్చేసినాను."

"రాళ్లేరి ఆ పెరడు సదును సేసింది నేను. నాకో మాట సెప్పలేవా?"

"సెబితే ఒప్పుతావేటి?"

"ముదురు కాయ పెట్టావేట్రా!" అని నవ్వుతూ షావుకారు గింజలు నేలమీద ఉమ్మేశాడు.

గురుబారి వంగి, ఒక్కొక్క గింజా ఏరి కొంగులో వేసుకోసాగింది.

"ఇంకెందుకే అవి? నాటడానికి నేలేదీ?" అన్నాడు సుక్రు.

"ఉంది."

"ఎక్కడ?"

ఆమె కొంగు ముడి వేసుకుంది.

"నీకు సెప్పను. సెబితే అదీ ఇచ్చేత్తావు."