చూసినవారి పేరు

ఇల్లూ వాకిలీ సరిగ్గా లేకపోతే జరిమానా వేసే కాలనీ సంఘం నుంచి ఆ వేసవిలో వెర్నా టిల్లిస్‌కి వచ్చిన నాలుగో నోటీసు అది. ముంగిట్లో మొక్కలు ఎండిపోయాయని ఎవరో చూసి ఫిర్యాదు చేశారట.

మొదటిది చెత్త డబ్బా గురించి. జ్వరంతో పడుకున్న మూడు రోజులూ అది రోడ్డు మీదే ఉండిపోయింది. రెండోది వసారాలో దీపం వెలగడం లేదని. మూడోది గుమ్మం ముందు కాగితాలు పోగుపడ్డాయని. మోకాలు వాచి, వంగి తీయలేక వదిలేసిన కాగితాలవి.

నోటీసు వచ్చినప్పుడల్లా వెనకే సంఘం ఉద్యోగి రూబెన్ ఒచోవా వచ్చేవాడు. మంచి మనిషే. డబ్బా తనే లోపల పెట్టాడు. బల్బు మార్చాడు. కాగితాలు ఏరిపారేశాడు. ఇప్పుడు మొక్కలకి గొట్టంతో నీళ్ళు పడుతున్నాడు.

"ఎవరయ్యా ఆ పుణ్యాత్ములు? పనీపాటా లేదా వాళ్ళకి?" అంది వెర్నా.

"పేరు చెప్పొద్దన్నారమ్మా."

"నా గడపలో ఏం జరుగుతోందో వాళ్ళకి కావాలి. వాళ్ళ పేరు మాత్రం నాకు తెలియకూడదు."

రూబెన్ గొట్టం చుట్టి పక్కన పెట్టాడు. "తింటున్నారా సరిగ్గా? చిక్కిపోయారు."

"నీళ్ళు పట్టడమైపోతే వెళ్ళిరా నాయనా," అని తలుపేసుకుంది.

వెర్నా ముప్ఫయ్యేళ్ళు మేసా అనే ఊళ్ళో బడి బస్సు నడిపింది. వెనక నలభైమంది పిల్లల గోలతోనే బతికింది. పెళ్ళి చేసుకోలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఏసీ రొద తప్ప చప్పుడు లేదు. కొన్ని రోజులు సాయంత్రమయ్యాక గుర్తొచ్చేది, పొద్దుట్నుంచీ ఒక్క మాటైనా మాట్లాడలేదని.

ఆ రోజు మాత్రం కోపం ఊరుకోనివ్వలేదు. నోటీసు పట్టుకుని రోడ్డు దాటి ఎదురింటి తలుపు కొట్టింది. ఒక ముసలాయన తీశాడు.

"మొక్కలు ఎండితే నాతో చెప్పొచ్చుగా. చాటుగా రాయడమెందుకు?"

ఆయన నోటీసు తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, మొత్తం చదివాడు. "టిల్లిస్ గారా మీరు? నాలుగేళ్ళుగా ఎదురుగా ఉంటున్నాను, మీ పేరు ఇవాళే తెలిసింది. నేను ఎవరింటికేసీ చూడనండీ. చూసి ఏం చెయ్యాలి?"

వెర్నా నోటీసు కోసం చెయ్యి చాచింది.

"నా పేరు ఆర్లో బ్రాంట్. పాతికేళ్ళు కోర్టులో గుమాస్తాని," అన్నాడు ఆయన, నోటీసు తిరిగిస్తూ. "ఇంటి యజమానిగా మీకో హక్కుంది. ఈ రాష్ట్ర చట్టం ప్రకారం మీరు ఇరవై ఒక్క రోజుల్లోపల రిజిస్టర్డ్ పోస్టులో జవాబు రాస్తే, చూసిందెవరో పేరుతో సహా సంఘం మీకు చెప్పి తీరాలి. వాళ్ళు వద్దన్నా కుదరదు."

"నిజంగానా?"

"నిక్షేపంగా. అయినా మీకు పడనివాళ్ళెవరైనా ఉన్నారా?"

వెర్నా నోటీసు మడిచి పట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ఉంది. గ్లెనా. సొంత చెల్లెలు. తల్లి ఆఖరి ఆరేళ్ళూ వెర్నాయే ఎత్తి పడుకోబెట్టింది, కడిగింది, తినిపించింది. అందుకే తల్లి తన ఇల్లు వెర్నా పేర రాసింది. "మత్తు బిళ్ళలు మింగించి సంతకం పెట్టించుకున్నావు" అంది గ్లెనా, శ్మశానంలో, అందరి ముందూ. ఆ తర్వాత మాటల్లేవు. పదకొండేళ్ళు. రెండేళ్ళ కిందట అదే కాలనీలో, మూడు వీధుల అవతల, చిన్న ఇల్లు కొనుక్కుని దిగింది గ్లెనా. కళ్ళెదుట ఉండి కాల్చుకు తినడానికే వచ్చిందనుకుంది వెర్నా. దుకాణంలో ఎదురైతే ఇద్దరూ చెరో వరుసలోకి తిరిగిపోయేవారు. గ్లెనా కారు ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఇటు చూసేది కూడా కాదు.

పాత మూడు నోటీసుల సంగతీ అడుగుతూ జవాబు రాసింది. రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. ఎదురు చూడటానికి ఏదో ఒకటి ఉండడం ఆమెకి చాలా రోజుల తర్వాత మళ్ళీ ఇప్పుడే. రోజూ రెండుసార్లు తపాలా పెట్టె తెరిచి చూసేది. ఆర్లో అవతలి నుంచి చెయ్యి ఊపేవాడు. "ఇంకా లేదా?" "ఇంకా లేదు." అంతే మాట. ఆ మాట కోసమే కాస్త ముందుగా బయటికొచ్చేది.

తొమ్మిదో రోజున కవరు వచ్చింది. రోడ్డు మీదే చింపింది.

నాలుగు నోటీసులకీ ఒకే పేరు. గ్లెనా టిల్లిస్.

"ఎవరూ?" అని కేకేశాడు ఆర్లో.

"అనుకున్న మనిషే," అని లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లో కూర్చుంది. ఇల్లు దక్కలేదని ఇంత కక్షా? జ్వరంతో పడి ఉంటే డబ్బా మీద ఫిర్యాదు. మోకాలు వాచి లేవలేకపోతే కాగితాల మీద ఫిర్యాదు. ఎప్పుడు పడిపోతుందా అని చూస్తూ కూర్చుందన్నమాట. ఎవరూ లేకపోవడం నయం. ఉన్న ఒక్కరూ ఇలా ఉండటం కన్నా.

నేరుగా వెళ్ళి ఆ కాగితం మొహాన కొట్టి రావాలనుకుంది. చెప్పులు వేసుకుంది. కారు తాళాల కోసం బల్ల మీద వెతుకుతుంటే, కవరులోంచి ఇంకో నాలుగు కాగితాలు జారిపడ్డాయి. గ్లెనా చేతిరాతతో ఉన్న అసలు ఫిర్యాదుల నకళ్ళు.

నిలబడే చదివింది, నాలుగింటి కిందా ఒకే వాక్యం ఉంది: "జరిమానా వెయ్యొద్దు, నేను అడిగానని చెప్పొద్దు, ఎవరినైనా పంపి తలుపు కొట్టించి మా అక్క బాగుందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పండి చాలు."