నీలిమందు సీతాకోకచిలుక

శనివారం పొద్దున ఇడ్లీలోకి చట్నీకి పోపు కూడా పెట్టుకోలేని బతుకూ ఒక బతుకేనా!

పదింటికి ఇంటి ఓనరు మిసెస్ యాంగ్ వస్తోంది. ఇంగువ వాసన పోవాలని భవిత కిటికీలన్నీ తెరిచింది. చాండ్లర్ ఊరి ఎండ లోపలికొచ్చి సోఫాలో కూర్చుంది. ఓనరు ముచ్చటపడితే లీజు ఇంకో ఏడాది. లేదంటే ఇల్లు ఖాళీ, కూతురు దేదీప్యకి స్కూల్ మార్పు.

భర్త తేజేశ్వర్ కాలుగాలిన పిల్లిలా హాల్లో తిరుగుతున్నాడు. మొన్ననే గోడకి ఒక చైనా బట్ట తగిలించాడు. నీలం మీద తెల్లటి సీతాకోకచిలుక, రెక్కల్లో చేపలు, చుట్టూ పిట్టలు.

"కథ గుర్తుందాండీ?"

"సీతాకోకచిలుక గుడ్లు పెట్టింది. అందులోంచి మనిషి పుట్టాడు."

"మరి పిట్ట?"

"గుడ్లు పొదిగింది. ఇంక కదపకే, మర్చిపోతాను."

మిసెస్ యాంగ్ వచ్చింది. బట్ట చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది మా మియావ్ తెగవాళ్ళది! మా అమ్మమ్మ కరిగిన మైనంతో ఇలాంటివే గీసి, నీలిమందులో ముంచేది. మైనం ఉన్నచోట తెల్లగా మిగిలేది."

"మీ కల్చర్ అంటే మాకు ప్రాణం," అన్నాడు తేజేశ్వర్. ఆ ప్రాణం వయసు మూడు రోజులు.

"ఇంత కిందకి తగిలించారేం?"

"మేం నేల మీద కూర్చుని చూస్తాం. ట్రెడిషన్."

అతను నేల మీద కూర్చుని పదేళ్ళయింది.

"ఇప్పుడన్నీ ప్రింట్లే వస్తున్నాయి," అందావిడ. "చేత్తో చేసిందైతే రంగు వెనక్కి కూడా దిగుతుంది. తిప్పి చూస్తే తెలిసిపోతుంది."

తేజేశ్వర్ చెమట చొక్కా వెనక్కి కూడా దిగింది.

"ముందు టీ తాగండి!" అని భవిత కప్పుతో అడ్డం వచ్చింది.

"చేప చూశారా? మా దేవుడు కూడా ఒకసారి చేపయ్యాడు!" అన్నాడు తేజేశ్వర్.

"రియల్లీ?" అంటూనే ఆవిడ బట్ట అంచు పట్టుకుంది.

"లీజ్ సంగతి మాట్లాడుకుందాం, మిసెస్ యాంగ్!"

"ఒక్క నిమిషం. ఇది అసలుదైతే లీజు రెండేళ్ళకి రాసిస్తాను."

బట్ట నూటికి నూరుపాళ్ళూ అసలుదే గానీ, టీవీ బిగించడానికి మనిషెందుకు దండగ అని తేజేశ్వర్ స్వహస్తాలతో ఆవిడ గోడకి పెట్టిన గుమ్మడికాయంత కన్నం దాని వెనకే ఉంది, ఇప్పుడేం చెప్పాలో కాస్త తొందరగా ఎవరైనా చెప్పండి బాబూ!